నూట డెబ్భై సంబంధాలు చూసిన ఇల్లు

కాసుల పురుషోత్తమ కవి ఆంధ్రనాయక శతకంలో శ్రీకాకుళాంధ్ర విష్ణువును పద్యానికో దెప్పు చొప్పున దెప్పాడు. తీరా చూస్తే అదంతా భక్తే. అంత విద్య నాకు లేదు. తిట్టులో పొగడ్తను దాచడం మహాకవుల పని, నేను తిన్నగా పొగుడుతాను. నా దేవుడు ఢిల్లీ ద్వారకలో, ఫుట్‌బాల్ హౌస్ అనే ఆలయంలో కొలువై ఉన్నాడు. పేరు అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య. లీలలు అనంతం గనుక అన్నీ పాడటం నా వల్ల కాదు. జాతీయ జట్టుకి కోచ్‌ను ఎంచుకోవడంలో వారు చూపే నేర్పు ఒక్కటి తీసుకుంటాను. అదొక్కటే ఒక శతకానికి సరిపోతుంది.

లోకంలో మిగతా దేశాల వాళ్ళ పద్ధతి చాదస్తంగా ఉంటుంది. మన పిల్లలు ఎలాంటి ఆట ఆడుతున్నారు, పరుగెంత, పొడుగెంత, బంతి కాలి దగ్గర నిలుస్తుందా లేదా అని ముందు చూసుకుంటారు. ఆ తరవాత దానికి తగిన కోచ్‌ను వెతుక్కుంటారు. కొలతలు ఇచ్చి జాకెట్టు కుట్టించుకునే రకం. జపాన్ వాళ్ళు మరీ అన్యాయం. 2018లో హజిమె మొరియాసు అనే సొంత ఊరి మనిషిని పెట్టుకున్నారు. 2022 ప్రపంచ కప్‌లో క్రొయేషియా చేతిలో పెనాల్టీల మీద ఓడి ఇంటికొచ్చాడు. తీసి పారేయాలన్న కనీస జ్ఞానం లేక, ఉండవయ్యా అని ఒప్పందం పొడిగించారు. విసుగు పుట్టని జాతి.

మన సమాఖ్య వారు ఈ కొలతల గొడవ పెట్టుకోరు. ముందు జాకెట్టు కొంటారు. పట్టకపోతే తప్పు ఎవరిదో చెప్పనక్కర్లేదు.

2006లో ఇంగ్లీషు జాకెట్టు కొన్నారు. బాబ్ హాటన్. 1979లో మాల్మో అనే స్వీడన్ క్లబ్బును యూరోపియన్ కప్ ఫైనల్ దాకా నడిపించిన మనిషి. వెనక గోడలా నిలబడండి, దొరికిన బంతిని ముందుకి పొడుగ్గా కొట్టండి, ఇదీ ఆయన మతం. ఆటగాళ్ళు ఎక్కువ కాలం తన దగ్గరే ఉండాలన్నాడు, విదేశాల్లో శిబిరాలు కావాలన్నాడు, ఇప్పించుకున్నాడు కూడా. 2007, 2009 నెహ్రూ కప్‌లు, 2008 ఏఎఫ్‌సీ చాలెంజ్ కప్ గెలిచాడు. దాంతో 27 ఏళ్ళ తరవాత మన జట్టు 2011 ఆసియా కప్ మొహం చూసింది. దోహాలో ఆడిన మూడు మ్యాచ్‌ల్లో 13 గోల్స్ తిని తిరిగొచ్చింది. ఇక్కడ మామూలు బుర్రలైతే, శిబిరాలు పనిచేశాయి, కింది నుంచి మంచి ఆటగాళ్ళు రావాలి, పిల్లల లీగులు పెడదాం అని నస మొదలుపెట్టేవి. సమాఖ్య వారికి తక్షణం తట్టిన సంగతి ఏమిటంటే, పొడుగు పాసులు మొహం మొత్తాయని.

మధ్యలో ఏడాది పాటు ఇంటి మనుషులతో సరిపెట్టి, 2012లో డచ్చి సరుకు దించారు. విమ్ కూవర్మాన్స్, 1988లో యూరో కప్ గెలిచిన నెదర్లాండ్స్ జట్టు సభ్యుడు. బంతి నేల విడవకూడదు, చిన్న చిన్న పాసులతో అల్లుకుంటూ పోవాలి. నిన్నటిదాకా కళ్ళు మూసుకుని ఆకాశంలోకి తన్నిన కుర్రాళ్ళే తెల్లారేసరికి ఆమ్‌స్టర్‌డామ్ వాళ్ళు అయిపోవాలి. నెహ్రూ కప్ గెలిచారు. మరుసటి ఏడు దక్షిణాసియా జట్ల శాఫ్ కప్ ఫైనల్లో అఫ్గానిస్తాన్ చేతిలో ఓడారు. ర్యాంకు కిందికి జారుతూ పోయింది. డచ్చి వంట మనకి పడదని అప్పుడు తేలింది. కాబట్టి? మళ్ళీ ఇంగ్లీషు.

ఈసారి స్టీఫెన్ కాన్‌స్టాంటైన్. 2002 నుంచి 2005 దాకా ఒకసారి కాపురం చేసి వెళ్ళినవాడే. ఆ మొదటి కాపురంలోనే, మన హైదరాబాద్‌లో జరిగిన ఆఫ్రో ఏషియన్ క్రీడల్లో జట్టుకి రజతం వచ్చింది. రెండో కాపురంలో ఒంటి బలం, పరుగు, క్రమశిక్షణ అంటూ, 2015 మార్చిలో 173వ ర్యాంకులో ఉన్న జట్టును 2017 జులైకి 96కి తెచ్చాడు. 2019 ఆసియా కప్ తొలి మ్యాచ్‌లో థాయిలాండ్‌ను 4–1తో కొట్టాడు. మూడో మ్యాచ్‌లో బహ్రెయిన్‌కి 90 నిమిషాలు దాటాక ఒక పెనాల్టీ దక్కింది. ఆ రాత్రే ఆయన రాజీనామా. ర్యాంకు పెరిగింది సరే, ఆట మొరటుగా ఉందని పెద్దలకి ముందునుంచీ గుచ్చుకుంటూనే ఉంది. ఇక కాస్త సొగసు కావాలి.

వారి నేర్పు ఎక్కడుందో ఇప్పటికి మీకు తెలిసిపోయి ఉంటుంది. ఎప్పుడూ పాతదానికి సరిగ్గా ఎదురుది తెస్తారు. పొడుగు పాసు తరవాత పొట్టి పాసు, పొట్టి పాసు తరవాత కండబలం, కండబలం తరవాత కళ. ఏ రెంటికీ పోలిక కుదరదు. పోలిక లేనిచోట పాఠం ఉండదు, పాఠం లేనిచోట పరీక్షా ఉండదు. ఆడలేక మద్దెల ఓడు అనే సామెత పాతకాలపు వాళ్ళది, వాళ్ళు మద్దెలను తిట్టి ఊరుకునేవారు. సమాఖ్య వారు తిట్టరు. గౌరవంగా కొత్త మద్దెల తెప్పిస్తారు.

సొగసు కోసం వచ్చినవాడు ఇగోర్ స్టిమాచ్, 1998 ప్రపంచ కప్‌లో మూడో స్థానం కొట్టిన క్రొయేషియా జట్టు డిఫెండరు. 2019 మేలో కుదిరిన ఈ సంబంధం దగ్గర కాస్త కూర్చుందాం. సమాఖ్య వారి ప్రతిభ పూర్ణకళలతో వెలిగింది ఇక్కడే.

మన ఇళ్ళలో సంబంధం కుదరాలంటే మొదట జాతకాలు చూస్తాం. సమాఖ్య వారు కుదిరాక కూడా చూస్తూనే ఉన్నారు. జట్టుకి ఉత్సాహం నూరిపోయడానికని ఒక జ్యోతిష సంస్థను కుదుర్చుకున్నారనీ, అందుకు 16 లక్షల రూపాయలు ఇచ్చారనీ 2022లో పత్రికలు రాశాయి. అంతకంటే రసవత్తరమైన కథనం 2023 సెప్టెంబరులో వచ్చింది. 2022 జూన్‌లో కోల్‌కతాలో అఫ్గానిస్తాన్‌తో మ్యాచ్‌కి ముందు, కోచ్ గారు ఆటగాళ్ళ జాబితాను ఒక జ్యోతిష్కుడికి పంపించారట. ఎవరికి ఆ రోజు బలంగా ఉంది, ఎవరిని దించకపోవడం మేలు అని జవాబు తెప్పించుకున్నారట. ఇద్దరినీ కలిపినవాడు సమాఖ్య అప్పటి ప్రధాన కార్యదర్శేనని కూడా అందులో ఉంది. ఆ మ్యాచ్ 2–1తో గెలిచాం. ఇంతటి శైలి ఏ యూరప్ కోచింగ్ కోర్సులోనైనా చెబుతారా? ఎదుటి జట్టు ఎడమవైపు బలహీనమా, కుడివైపు బలహీనమా అని వీడియోలు చూసి కళ్ళు కాయలు కాసేలా కూర్చోవడం దండగ. అష్టమంలో శని ఉన్నవాణ్ణి బెంచీ మీద కూర్చోబెడితే సరి.

2023 వేసవిలో గ్రహాలన్నీ అనుకూలించాయి. భువనేశ్వర్‌లో ఇంటర్‌కాంటినెంటల్ కప్, బెంగళూరులో శాఫ్ కప్, ర్యాంకు 99. శాఫ్‌లో కోచ్ గారు స్వయంగా రెండుసార్లు రెడ్ కార్డు అందుకున్నారు. ఒకటి పాకిస్తాన్ ఆటగాడు త్రో వేయబోతుంటే చేతిలోంచి బంతి లాగినందుకు. మైదానం అవతల నిలబడి కూడా ఇంతగా ఆడిన కోచ్ మనకి మరొకరు లేరు. సెప్టెంబరులో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలకి క్లబ్బులు ఆటగాళ్ళను వదల్లేదు. దొరికినవాళ్ళను పోగేసి, విమానం దిగిన మర్నాడే చైనా మీదికి దింపారు. 1–5. అలసిన కాళ్ళకి ఏ శైలి నప్పుతుందో కనిపెట్టే ప్రయోగం అయి ఉండాలి. సంతృప్తి చెందిన సమాఖ్య వారు ఆ అక్టోబరులో ఆయన ఒప్పందాన్ని 2026 దాకా పొడిగించారు.

పొడిగించాక 2024 జనవరిలో ఆసియా కప్. మూడు మ్యాచ్‌లు, మూడు ఓటములు, కొట్టిన గోల్స్ సున్నా. మార్చిలో గువాహటిలో కెప్టెన్ సునీల్ ఛెత్రి 150వ మ్యాచ్, ఆయన గోల్ కొట్టినా అఫ్గానిస్తాన్ చేతిలో 1–2. జూన్ 6న కోల్‌కతాలో ఛెత్రి వీడ్కోలు మ్యాచ్, కువైట్‌తో 0–0. జూన్ 11న దోహాలో గీత దాటి బయటికి పోయిన బంతిని లోపలికి లాగి ఖతార్ వాళ్ళు గోల్ చేసుకున్నారు, రిఫరీ ఔనన్నాడు, ప్రపంచ కప్ దారి మూసుకుపోయింది. జూన్ 17న స్టిమాచ్‌ను తీసేశారు. ఒప్పందం ఇంకా రెండేళ్ళు ఉంది కదా అన్నాడాయన, ఫిఫాకి వెళ్తానన్నాడు. చివరికి 4 లక్షల డాలర్లకి రాజీ కుదిరిందని వార్త. మన డబ్బుల్లో మూడు కోట్ల పైమాట. కాపురం చెడినప్పుడు మనోవర్తి ఇవ్వడం పెద్దింటి లక్షణం. పేదింటివాళ్ళైతే ఆ మూడు కోట్లతో పాతిక ఊళ్ళలో పిల్లలకి బంతులూ గోల్ పోస్టులూ కొని చేతులు దులుపుకునేవారు.

ఇక కొత్త సంబంధం. 2024లో 291 దరఖాస్తులు వచ్చాయి. అన్నీ వడపోసి వడపోసి, అప్పటికే ఇంకో ఇంట్లో కాపురం చేస్తున్నవాణ్ణి ఎంచారు. స్పెయిన్ దేశస్థుడు మనోలో మార్క్వెజ్, మన హైదరాబాద్ ఎఫ్‌సీకి 2022లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) కప్పు తెచ్చిన మనిషి. మంచివాడు, ఆట తెలిసినవాడు, అందులో వెటకారం ఏమీ లేదు. ఎఫ్‌సీ గోవాకి కోచ్‌గా ఉన్నాడు. ఫరవాలేదు, ఆ సీజను అక్కడే ఉంటూ తీరికైనప్పుడు దేశాన్ని కూడా చూడండి అన్నారు. రెండు పడవల మీద కాళ్ళు పెట్టవద్దని మనవాళ్ళు ఊరికే భయపెడతారు. 2025 మే 3న ఎఫ్‌సీ గోవా సూపర్ కప్ గెలిచింది. ఒక పడవ ఒడ్డుకు చేరింది కదా.

రెండో పడవ ఎక్కడుందో నేను కళ్ళారా చూశాను. మనోలో మొదటి మ్యాచ్ 2024 సెప్టెంబరు 3న గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలోనే జరిగింది. అంతకు ముందు మూడు రోజులు వానలు కుమ్మేశాయి. గొడుగు కాళ్ళ సందున పెట్టుకుని కూర్చున్నాను. మా పక్కన ఎనభై దాటిన ఒక సికింద్రాబాద్ పెద్దాయన, చేతిలో పల్లీల పొట్లం. ఎదుటి జట్టు మారిషస్, ర్యాంకు 179. వారం కూడా నిండని శిబిరం నుంచి మనవాళ్ళు దిగారు. బంతి మన సగంలోనే కుడినుంచి ఎడమకి, ఎడమనుంచి కుడికి, అక్కణ్ణుంచి గోలీ దగ్గరికి. మళ్ళీ కుడికి. స్పెయిన్ శైలి రాత్రికి రాత్రి వచ్చేసిందని నేను మురిసిపోతున్నాను. పెద్దాయన పల్లీ ఒలుస్తూ ఒలుస్తూ ఆగాడు.

"తమ్మీ, గోలు కొట్టే పోరడేడి?"

"జూన్‌లో రిటైరయ్యాడు పెద్దయ్యా."

"మరి ఇగ వీళ్ళెవరు?"

నా దగ్గర జవాబు లేదు. ఐఎస్‌ఎల్ క్లబ్బుల్లో గోల్ ముందర నిలబడే చోటు ఎక్కువగా విదేశీయులదే. మనవాడు ఆ చోట నిలబడడం వారం వారం నేర్చుకునే వీలే లేనప్పుడు జాతీయ జట్టుకి వాణ్ణి ఎక్కణ్ణుంచి తెస్తారు? సమాఖ్య వారికి మాత్రం జవాబు ఉంది. 2025 మార్చిలో, నలభై ఏళ్ళ ఛెత్రిని ఇంటినుంచి మళ్ళీ పిలిపించారు. గచ్చిబౌలిలో ఆ రాత్రి మ్యాచ్ మాత్రం 0–0.

లేచేముందు పెద్దాయన తన చిన్ననాటి సంగతి చెప్పాడు. "రహీం సాబు ఫతే మైదాన్‌ల పోటీలు పెడుతుండె. వాటం లేని కాలుతోనే ఆడాలె. కుడికాలు పోరడు ఎడమతోని, ఎడమకాలోడు కుడితోని. ఇంకొకటి పెడుతుండె, బంతి పట్టుకొని ఉరుకొద్దు, తగిలిందంటే ఇచ్చేసుడే." పొట్లం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "అప్పుడు పోరలు ముందు తయారైతుండిరి. కప్పులు తర్వాత వచ్చినయ్."

ఈ రహీం సాబు సంగతి ఎత్తితే సమాఖ్య వారికి తలవంపు అని నాకు తెలుసు. అయినా వారి ఎదుగుదల ఎంతో కొలవాలంటే ఎక్కడ బయల్దేరారో చెప్పక తప్పదు. సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్‌లో బడిపంతులు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును తీర్చిదిద్దాడు, ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్‌లు కొట్టింది. ఇలాంటి స్థానికుణ్ణి, ఏ యూరప్ క్లబ్బూ తాకని మనిషిని, 1950లో జాతీయ జట్టుకి కోచ్‌గా పెట్టారు. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం వచ్చింది, సరే, పొరపాటున వచ్చిందనుకుందాం. మరుసటి ఏడు హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 1–10. పది గోల్స్! ఈనాటి దక్షత అప్పుడు ఉండి ఉంటే, ఆయన పెట్టె సర్దుకునే లోపే కొత్త కోచ్ కోసం ప్రకటన వెళ్ళేది. ఆనాటి అమాయకులు ఆయన్ను అలాగే ఉంచేశారు. ఆయన ఆ పది గోల్స్‌నీ ఒక్కొక్కటిగా అరిగించుకుని, ఆటగాళ్ళను నిలబెట్టే పద్ధతే మార్చేశాడు. 1956 మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి ఒలింపిక్ సెమీ ఫైనల్ దాకా తీసుకెళ్ళాడు. నాలుగో స్థానం.

1962 జకార్తా అయితే మరీ ఘోరం. లీగ్ దశలో దక్షిణ కొరియా చేతిలో 0–2తో ఓడాడు. డిఫెండరు జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. పద్ధతి తెలిసిన కోచ్ అయితే ఆసుపత్రికి పంపేవాడు. ఈయన కట్టు కట్టించి సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టాడు. సెమీస్‌లో జర్నైల్ గోల్ కొట్టాడు. ఫైనల్లో మళ్ళీ కొరియా, లక్షమంది ప్రేక్షకులు, దాదాపు అందరూ మనకి వ్యతిరేకం. పీకే బెనర్జీ ఒకటి, కుట్ల తలతోనే జర్నైల్ ఒకటి, 2–1, స్వర్ణం. ఇదేం శైలి? ఇంగ్లీషా, డచ్చా, స్పానిష్షా? చేతిలో ఉన్న మనుషుల్ని చూసుకుని ఆడించడాన్ని ఏ కేటలాగులో వెతకాలి? అప్పటికే ఆయన ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ ఉంది. 1963 జూన్‌లో చనిపోయాడు. ఆ తరవాత ఫుట్‌బాల్‌లో మనకి ఆసియా క్రీడల స్వర్ణం రాలేదు. పొరపాటు మళ్ళీ జరగకుండా చూసుకోవడం అంటే అదీ.

మనోలో ఎనిమిది మ్యాచ్‌ల్లో ఒకటి గెలిచి, 2025 జులైలో వెళ్ళిపోయాడు. సమాఖ్య వారు మళ్ళీ పెళ్ళిచూపులకి కూర్చున్నారు. ఈసారి 170 సంబంధాలు. అందులో చావి హెర్నాండెజ్, పెప్ గార్డియోలా పేర్లు కూడా ఉన్నాయి. చావి అంతటివాడు దరఖాస్తు పెట్టాడనీ, ఆయన్ని భరించే స్తోమత లేక పక్కన పెట్టారనీ పేపర్లో రాగానే దేశం ఒక పూట గర్వంతో ఉబ్బింది. ఆ మెయిళ్ళు అసలైనవి కావని సమాఖ్య వారే తరవాత ప్రకటించారు. ఎవరో ఆకతాయి పని. ఇందులో నవ్వడానికేముంది? దొంగ ఉత్తరాన్ని కూడా ఖర్చు చూసుకుని తిరగ్గొట్టిన పొదుపరులు ఇంకెక్కడైనా ఉన్నారా?

చివరికి ముగ్గురు మిగిలారు. ఒకరు మూడో కాపురానికి సిద్ధమైన కాన్‌స్టాంటైన్, ఒకరు స్లొవేకియా వాడు, ఒకరు మన ఖాలిద్ జమీల్. 2017లో ఐజ్వాల్ అనే చిన్న ఊరి జట్టుతో ఐ లీగ్ గెలిచి అందరి నోళ్ళూ మూయించినవాడు. సూపర్ కప్ ఫైనల్లో మనోలో చేతిలో 0–3తో ఓడిన జంషెడ్‌పూర్ కోచ్ కూడా ఈయనే. విదేశీ సంబంధాలన్నీ తిరిగి తిరిగి మేనరికానికి వచ్చారన్నమాట. పదమూడేళ్ళ తరవాత భారతీయుడు. నిజానికి ఇది సరైన ఎంపిక. ఎలా కుదిరిందో నాకు ఇప్పటికీ అంతుబట్టదు. వస్తూనే మధ్య ఆసియా టోర్నీలో ఒమన్‌ను పెనాల్టీల్లో ఓడించి మూడో స్థానం తెచ్చాడు. అక్టోబరులో మడ్‌గావ్‌లో సింగపూర్ చేతిలో 1–2. నవంబరు 18న ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలో 0–1, వాళ్ళ చేతిలో 22 ఏళ్ళలో ఇదే మొదటి ఓటమి. ఆ సమయానికి దేశంలో ఐఎస్‌ఎల్ సీజనే మొదలు కాలేదు, నడిపించేవాళ్ళ కోసం టెండరు వేస్తే ఒక్కరూ రాలేదు. ఆటగాళ్ళు ఎక్కడా ఆడకుండా నేరుగా దేశం కోసమే ఆడారు. ఇంతకంటే దేశభక్తి ఏముంటుంది? మా హైదరాబాద్ ఎఫ్‌సీ కూడా ఆ ఏడే పేరు మార్చుకుని ఢిల్లీకి కాపురం వెళ్ళిపోయింది. రహీం సాబు ఊళ్ళో పై స్థాయి క్లబ్బు లేకుండా పోయింది. కొలవడానికి దేవుడు దగ్గరగా ఉంటాడని వెళ్ళిందేమో.

ఒక సందర్భం చెప్పకపోతే ఈ స్తోత్రం అసంపూర్తి. 2022 ఆగస్టులో ఫిఫా మన సమాఖ్యను పది పన్నెండు రోజులు సస్పెండ్ చేసింది. ఆ రోజుల్లో మన జట్టు ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. రికార్డుల్లో ఎవరూ పట్టించుకోని సంగతి ఇది. ఆ మరుసటి జనవరిలో సమాఖ్య వారు 'విజన్ 2047' అని ఒక దార్శనిక పత్రం విడుదల చేశారు. 2047 నాటికి ఆసియాలో మొదటి నాలుగు జట్లలో ఉంటామని. ఇప్పటి వేగంతో చూస్తే అప్పటికి కోచ్‌లు ఇంకో పదిమందైనా మారతారు. అన్ని ఖండాల శైలులూ చుట్టి రావడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి.

స్వామీ, ఒక్క మనవి. తరవాతి ప్రకటన వేసేటప్పుడు దరఖాస్తులో జన్మనక్షత్రం, పాదం అని ఒక గడి పెట్టించండి. మొదటే చూసుకుంటే మనోవర్తి ఖర్చు తగ్గుతుంది. గార్డియోలా గారి ఉత్తరం మళ్ళీ వస్తే ఈసారి ఫోన్ చేసి కనుక్కోండి. తొందరేమీ లేదు. 2027 జనవరిలో సౌదీ అరేబియాలో ఆసియా కప్ మొదలవుతుంది. 24 జట్లు ఆడతాయి. మన కోచ్ ఏ శైలి వాడైనా ఆ నెలంతా ఆయనకి తీరికే.